గోడ మీద కలాం ఉన్నారు, పిల్లల పక్కన ఎవరున్నారు?

రెండు నెలల క్రితం మా కార్యాలయానికి ఒక ఉత్తరం వచ్చింది. గీతల నోటుపుస్తకం నుంచి చించిన కాగితం. రెండు వైపులా నీలం సిరా. ఒక మూల పెన్సిలుతో గీసిన విమానపు రెక్క, దాని చుట్టూ గాలి పోయే దారిని చూపే బాణం గుర్తులు. రాసినది రాయలసీమలోని ఒక చిన్న పట్టణంలో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం ఎం.పి.సి. చదువుతున్న అమ్మాయి. తండ్రి స్కూటర్ల మెకానిక్. ఆమె అనుమతితోనే ఈ ఉత్తరం గురించి రాస్తున్నాము. పేరూ ఊరూ అడగవద్దు.

సలాములు, క్షేమ సమాచారాలు అయ్యాక ఆ అమ్మాయి నేరుగా విషయానికి వచ్చింది. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కనుక పై గాలి ఎక్కువ దూరం పోవాలి, కింది గాలితో పాటు ఒకే సమయానికి చివరికి చేరాలి కనుక వేగంగా పోతుంది, వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, అందువల్ల విమానం పైకి లేస్తుంది అని ఆమె చదివిన గైడులో ఉంది. ఆమె అడిగిన ప్రశ్న ఇది: రెండు గాలులూ ఒకే సమయానికి ఎందుకు చేరాలి? చేరకపోతే ఏమవుతుంది? మేము చేసే కాగితపు విమానానికి వంపే లేదు కదా, అది ఎలా ఎగురుతోంది? తరగతిలో అడిగితే ఇది పరీక్షలో రాదన్నారట. చివర నాలుగు వాక్యాలు: “నేను ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదవాలనుకుంటున్నాను. డబ్బు అడగడం లేదు. ఏ పుస్తకాలు చదవాలో చెప్పండి. ఈ చదువు చదివిన మనవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్కరిని పరిచయం చేయండి.”

ఆ సందేహం చిన్నపిల్ల సందేహం కాదు. ఆ గైడు చెప్పిన ‘ఒకే సమయం’ సిద్ధాంతం తప్పు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా విద్యార్థుల కోసం తయారు చేసిన ఉచిత పాఠాలలో దీనిని తప్పు సిద్ధాంతంగా ప్రత్యేకంగా పేర్కొని ఖండించింది. నిజానికి రెక్క పై గాలి కింది గాలి కంటే ముందే వెనుక అంచును దాటిపోతుంది. దాని కోసం కింది గాలి ఎదురుచూడదు, ఇది దానిని అందుకోదు. ఎన్నో పాఠ్యపుస్తకాలలో దశాబ్దాలుగా నిలిచిన తప్పును ఒక మెకానిక్ కూతురు, ప్రయోగశాల లేకుండా, కాగితపు విమానం ఒక్కటి చేతిలో పెట్టుకొని పట్టుకున్నది. అందుకు ఆమెకు దక్కిన జవాబు: పరీక్షలో రాదు.

మేము ఫోన్లు అందుకున్నాము. ఎవరో ఒకరు దొరకరా అనుకున్నాము. ఒక విద్యాసంస్థ యజమాని, మంచివారే, ఆడపిల్లకు ఆ కోర్సు ఎందుకండీ, కంప్యూటర్స్‌లో చేర్పించమనండి, ఫీజు మేము చూసుకుంటాము అన్నారు. ఒక సంఘం పెద్ద ర్యాంకు వచ్చాక చెప్పండి, ఘనంగా సన్మానం చేద్దాము అన్నారు. శాలువా ఖర్చు కూడా తనదేనట. మరొకరు గొంతు తగ్గించి, రాకెట్ల దగ్గరికి మనవాళ్ళను రానిస్తారా, అనవసరంగా పిల్ల మనసు విరవకండి అన్నారు. విమానాల దగ్గర పనిచేసిన ఒక ఇంజనీరు నంబరు దొరికింది. ఆయన ఎంతో మర్యాదగా తన పేరు ఎక్కడా రాయవద్దన్నారు. ఆ అమ్మాయి ప్రశ్న వినిపించేలోగా ఫోను పెట్టేశారు. నాలుగు ఫోన్లలోనూ ఎవరూ ఆ ప్రశ్న ఏమిటని అడగలేదు.

ఇతరులను అనే ముందు మా సంగతి చెప్పుకోవాలి. అక్టోబరు 15 వస్తున్నదంటే మేమూ కలాం గారి బొమ్మ సిద్ధం చేసుకునేవాళ్ళమే. రామేశ్వరం పడవ నుంచి రాష్ట్రపతి భవనం వరకు అన్న కథను ఎన్నిసార్లు అచ్చు వేశామో మాకే లెక్క లేదు. తొమ్మిదవ శతాబ్దంలో కొర్దోబాలో రెక్కలు కట్టుకొని ఎగిరిన అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ గురించి, ఇనుప గొట్టాల రాకెట్లతో 1780లో పొల్లిలూరు వద్ద కుంపిణీ సైన్యాన్ని చెదరగొట్టిన మైసూరు సేనల గురించి రాశాము. రాయవలసినవే. కానీ ఒక విద్యార్థి ఈ చదువుకు దారి ఏది అని అడిగిన రోజున చెప్పడానికి మా దగ్గర ఒక్క పుట లేదు. చరిత్ర మీద మనకున్న శ్రద్ధలో పదో వంతు ప్రవేశ పరీక్షల తేదీల మీద లేదు.

ఇక కలాం గారి కథనే సరిగా చదువుదాము. ఆ కథ చెప్పేటప్పుడు మనం ఒక్కడే కుర్రవాణ్ణి చూస్తాము: పేపర్లు పంచాడు, దీపం కింద చదివాడు, పైకి వచ్చాడు. ఆయన స్వయంగా చెప్పుకున్న కథ అది కాదు. అయిదవ తరగతిలో శివసుబ్రహ్మణ్య అయ్యర్ అనే పంతులు పక్షి ఎలా ఎగురుతుందో నల్లబల్ల మీద గీసి చెప్పారు. పిల్లలకు అర్థం కాలేదని తెలిసి అందరినీ సముద్రపు ఒడ్డుకు తీసుకుపోయి ఎగిరే పక్షులను చూపించారు. తన జీవిత లక్ష్యం ఆ సాయంత్రమే కుదిరిందని కలాం గారు ఎన్నో సభలలో చెప్పారు. రామనాథపురం బడిలో అయ్యదురై సాలొమన్ అనే ఉపాధ్యాయుడు దొరికారు. ఊరిలో ఇంగ్లీషు రాయగల జలాలుద్దీన్, తరువాత ఆయన బావగారు, లోకం సంగతులు చెప్పి చదువు వైపు నెట్టారు. మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటు వచ్చి, ప్రవేశానికి వెయ్యి రూపాయల దాకా కావలసి వస్తే, అక్క జోహరా చేతి గాజులూ మెడలోని గొలుసూ తాకట్టుకు పోయాయి. ఒక హిందూ పంతులు, ఒక క్రైస్తవ మాస్టారు, ఒక బావ, ఒక అక్క. ఇంతమంది కలిసి ఎత్తితే లేచిన విమానం అది. మనం వాళ్ళందరినీ చెరిపివేసి ఒక్కరి పటం మాత్రం గోడకు తగిలించుకున్నాము.

ఆ పటాన్ని మనం ఒక విధంగా వాడితే, మన గురించి మాట్లాడేవాళ్ళు మరో విధంగా వాడుతున్నారు. వివక్ష అన్న మాట ఎత్తగానే కలాం కాలేదా అంటారు. అవును, అయ్యారు. కానీ 2006లో సచార్ కమిటీ దేశంలోని అగ్రశ్రేణి కళాశాలలను పరిశీలించి, డిగ్రీ స్థాయిలో 25 మందికి ఒకరు, పీజీలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలని తేల్చింది. అప్పటికి దేశ జనాభాలో మన వాటా 13.4 శాతం. ఒక్క కలాంను చూపి ఈ లెక్కను కొట్టివేయడం, ఒక్క వాన కురిసిందని కరవు లేదనడం వంటిది.

ఆ నివేదిక తరువాత కొన్ని మెట్లు కట్టారు. కట్టిన చేతులే వాటిని పీకివేస్తున్నాయి. పరిశోధక విద్యార్థుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో రద్దు చేశారు. ఇతర పథకాలతో కలగాపులగమవుతున్నదని చెప్పిన కారణం. ఏ ఇతర పథకం? రెండు చోట్ల డబ్బు తీసుకోవడం ఎలాగూ నిషిద్ధమే అయినప్పుడు కలగాపులగం ఎక్కడిది? అదే కాలంలో ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు మైనారిటీ పిల్లల ప్రీమెట్రిక్ ఉపకార వేతనం ఆగిపోయింది. విదేశీ చదువు రుణాల మీద వడ్డీ భరించే ‘పఢో పరదేశ్’ పోయింది. సివిల్స్ మెయిన్స్‌కు సిద్ధమయ్యే పిల్లలకు సాయపడే ‘నయీ ఉడాన్’ కూడా పోయింది. ఉడాన్ అంటే ఎగరడమని పాఠకులకు చెప్పనక్కరలేదు. ఏరోస్పేస్‌లో డాక్టరేటు అంటే అయిదేళ్ళ పని. మెకానిక్ ఇంట పుట్టిన పిల్ల ఆ అయిదేళ్ళు ఏ ఆధారంతో పరిశోధన చేయాలో రద్దు చేసినవారు చెప్పాలి. ఈ ఫెలోషిప్ పునరుద్ధరణ మన పిల్లల హక్కు. ఈ ఒక్క విషయం మీద మన పార్లమెంటు సభ్యులు ఎన్నిసార్లు లేచి నిలబడ్డారో ఓటు అడగడానికి వచ్చినప్పుడు అడుగుదాము.

అయితే ప్రభుత్వాన్ని నిలదీయడంతో మన పని తీరదు. ఆ అమ్మాయి ఉత్తరంలో ప్రభుత్వం ప్రస్తావనే లేదు. ఆమె అడిగినది మనలను.

మనవాళ్ళను రానిస్తారా అన్న పెద్దమనిషి మాటను మేము తేలికగా కొట్టివేయము. ఆ భయం గాలిలోంచి పుట్టలేదు. అద్దె ఇల్లు అడిగినప్పుడు, పేరు చెప్పగానే మారే ముఖాలు చూసినప్పుడు, ఏ ఇంట్లోనైనా పుట్టే భయమే. కానీ ఆ భయాన్ని పిల్ల దరఖాస్తు చేయకముందే తీర్పుగా చెప్పే హక్కు మనకు ఎవరిచ్చారు? సూర్యుణ్ణి పరిశీలించే ఆదిత్య-ఎల్1 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరి 2024 జనవరి 6న తన కక్ష్యకు చేరింది. ఆ ప్రాజెక్టుకు డైరెక్టరు నిగార్ షాజీ. తమిళనాడులోని సెంగోట్టై అనే చిన్న ఊరిలో రైతు కుటుంబపు ముస్లిం బిడ్డ. తిరునెల్వేలి ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి 1987లో ఇస్రోలో చేరారు. తలుపు పూర్తిగా తెరిచి ఉందని మేము అనము. తట్టకముందే మూసి ఉందని పిల్లకు చెప్పేవాడు ఆ తలుపుకు లోపలి నుంచి గొళ్ళెం పెట్టినవాడి పనే చేస్తున్నాడని మాత్రం అంటాము.

నిగార్ షాజీ కథలో మన పిల్లలకు పనికివచ్చే ఇంకొక సంగతి ఉంది. ఆమె ఇంజనీరింగ్‌లో చదివినది ఏరోస్పేస్ కాదు, ఎలక్ట్రానిక్స్. ఇస్రో తన నియామక పరీక్షలలో ఎక్కువగా తీసుకునేది మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వారినే. కనుక ఏరోస్పేస్ సీటు రాలేదని ఆకాశం మూసుకుపోదు. ఈ ఒక్క వాక్యం సమయానికి చెప్పేవారు లేక ఎన్ని ఇళ్ళలో పిల్లలు ఏడ్చి ఉంటారో! దారి చూపే మనిషి విలువ ఇక్కడే తెలుస్తుంది. పుస్తకాలు ఈనాడు కొరత కాదు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో విమాన గతిశాస్త్రం నుంచి రాకెట్ చోదనం వరకు పాఠాలు ఉచితం. జాన్ అండర్సన్ రాసిన ‘ఇంట్రడక్షన్ టు ఫ్లైట్’ మొదటి మెట్టు. రాకెట్లకు సట్టన్ పుస్తకం ఉంది. రెక్క ఆకారాన్ని పరీక్షించే ఎక్స్‌ఫాయిల్, విమానం నమూనా గీసే ఓపెన్ వీఎస్‌పీ, పిల్లల రాకెట్లకు ఓపెన్ రాకెట్, ఏదీ పైసా అడగదు, పాత కంప్యూటరు చాలు. ఏది ముందు, ఏది తరువాత, ఎక్కడ అర్థం కాకపోయినా భయపడనక్కరలేదు అని చెప్పే మనిషి మాత్రం ఏ సైటులోనూ దొరకడు.

పుస్తకాలలో లేని సంగతులు మరికొన్ని ఉన్నాయి. తిరువనంతపురంలో అంతరిక్ష శాఖ వారిది ఐఐఎస్‌టీ అనే సంస్థ 2007 నుంచి ఉంది. అక్కడి ఏరోస్పేస్ బీటెక్‌కు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి, కానీ దరఖాస్తు వేరుగా పెట్టుకోవాలి. ఐఐటీల కౌన్సెలింగ్‌లోనే వస్తుందని కూర్చున్నవారికి రాదు. జేఈఈ మెయిన్ తెలుగులో రాయవచ్చు, అడ్వాన్స్‌డ్‌లో ఇంగ్లీషు, హిందీ తప్ప తెలుగు లేదు. తెలుగు మాధ్యమం పిల్లకు ఈ సంగతి పదవ తరగతిలో తెలియాలి, పరీక్ష హాలులో కాదు. రాష్ట్రంలో బీసీ-ఇ కింద మనం పోరాడి తెచ్చుకున్న 4 శాతం రాష్ట్రంలోని సీట్లకే. కేంద్ర సంస్థలు కేంద్ర ఓబీసీ జాబితానే చూస్తాయి. రాష్ట్ర జాబితాలో ఉన్న పేరు అక్కడా ఉండాలన్న నియమం లేదు. దూదేకుల వంటి వారి పేరు అందులో ఉంది. లేనివారు, కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షలకు లోబడి మిగతా షరతులు సరిపోతే, కేంద్ర సంస్థల కోసం ఇ.డబ్ల్యు.ఎస్. ధ్రువపత్రం అడగవచ్చు. ఆ మాట తెలియని గుమాస్తా, మీకు బీసీ ఉంది కదా పొమ్మంటాడు. పక్కన నిబంధన తెలిసిన పెద్ద ఒకరు నిలబడితే ఆ సంభాషణ వేరుగా సాగుతుంది.

ఊరూరా గోడల మీద కనిపించే ‘విమాన ఇంజనీరింగ్’ ప్రకటనల సంగతీ అంతే. వాటిలో చాలా వరకు విమానాల మరమ్మతుకు డీజీసీఏ ఇచ్చే లైసెన్సు కోర్సులు. గౌరవమైన పనే, కానీ విమానాన్ని రూపొందించే చదువు వేరు. తేడా తెలియక పొలం అమ్మి లక్షలు కట్టిన తండ్రులున్నారు. ఇక తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే 20 లక్షల విదేశీ విద్యా సాయంతో అమెరికాలో ఏరోస్పేస్ ఎం.ఎస్. చేయాలనుకునేవారు ఒక మాట ముందే వినాలి. ఐటీఏఆర్ అనే ఆయుధ ఎగుమతి నిబంధనల వల్ల అక్కడి రాకెట్, రక్షణ కంపెనీలు ఎక్కువ ఉద్యోగాలను ఆ దేశ పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రమే ఇవ్వగలవు. ఇది మన మతానికి సంబంధించినది కాదు, ఏ భారతీయ విద్యార్థికైనా అంతే. డిగ్రీ చేతికి వచ్చాక తెలిస్తే అది అప్పుల పాఠం అవుతుంది.

ఈ సంగతులన్నీ తెలిసినవారు మన మధ్య లేరా? ఉన్నారు. క్షిపణి ప్రయోగశాలలు హైదరాబాదులో ఉన్నాయి. 1982లో డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా కలాం గారు వచ్చినది ఈ నగరానికే. బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ ఉంది. ఆదిబట్లలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలేజ్‌లు తయారవుతున్నాయి. 2022 నవంబరు 18న దేశంలో తొలి ప్రైవేటు రాకెట్ విక్రమ్-ఎస్‌ను పంపిన స్కైరూట్ హైదరాబాదు కంపెనీయే. శ్రీహరికోట తెలుగు నేల మీద ఉంది, 2025 జనవరి 29న అక్కడి నుంచి నూరవ ప్రయోగం జరిగింది. ఈ చోట్ల పనిచేస్తున్న, పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ముస్లిం ఇంజనీర్లు, టెక్నీషియన్లు, వెల్డర్లు, ఫిట్టర్లు ఉన్నారు. జుమా నమాజులో మన పక్కనే నిలబడతారు. నమాజు కాగానే చెప్పులు వేసుకొని వెళ్ళిపోతారు. వారిలో కొందరి సంకోచం మాకు అర్థమవుతుంది. ఆఫీసు రహస్యాలు చెప్పమని మేము అడగడం లేదు. బెర్నూలీ సూత్రం ఏ దేశ రహస్యమూ కాదు. నెలకు రెండు ఆదివారాలు, ఒక పిల్ల, ఒక నోటుపుస్తకం. అంతే అడుగుతున్నాము.

సంఘాల పెద్దలకూ ఒక మాట. ర్యాంకు వచ్చాక శాలువా కప్పడం సులువు, ర్యాంకు రాకముందు పుస్తకం కొనివ్వడమే పని. పేద విద్యార్థి చదువుకు జకాత్ చెల్లుతుందని చెప్పిన ఉలమాలు ఎందరో ఉన్నారు. రంజాన్‌లో మన వీధులలో చేతులు మారే డబ్బులో ఎంత భాగం ఒక పాత ల్యాప్‌టాపుకు, ఒక దరఖాస్తు రుసుముకు వెళుతున్నదో లెక్క వేసుకుందాము. తెలంగాణలో 204 మైనారిటీ గురుకులాలున్నాయి. 9వ తరగతి పిల్లలకు ఇస్రో 2019 నుంచి ‘యువికా’ అనే శిక్షణ నడుపుతున్నది. ఈ గురుకులాలలో ప్రతి ప్రిన్సిపాలు దాని తేదీలను నోటీసు బోర్డు మీద పెడుతున్నారా? అధికారులను అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. అడగండి. ఆడపిల్లల గురుకులాలలో మరీ గట్టిగా అడగండి.

ఆ అమ్మాయికి మేము జవాబు రాశాము. ఆలస్యంగా రాశాము, అందుకు క్షమాపణ కూడా రాశాము. నీ సందేహం సరైనది, గైడు తప్పు అని మొదటి వాక్యం. నాసా పాఠాలలో రెక్క గురించిన పుటలు అచ్చు తీసి జత చేశాము. కోఠీలో పాత పుస్తకాల దుకాణంలో దొరికిన అండర్సన్ పుస్తకం పంపాము. పన్నెండు రోజులకు మళ్ళీ ఉత్తరం వచ్చింది. ఈసారి మూడు కాగితాలు. ఒకే సమయం సంగతి అర్థమైందట. అయితే విమానం తలకిందులుగా ఎగిరేటప్పుడు రెక్క వంపు కిందికి వస్తుంది కదా, అప్పుడు పైకి లేపేది ఏమిటని అడిగింది. పుస్తకం నాలుగవ అధ్యాయంలో ఒక సమీకరణం దగ్గర ఆగిపోయి, తాను చేసిన లెక్క మొత్తం రాసి, తప్పు ఎక్కడుందో చూపమన్నది.

మా కార్యాలయంలో అయిదుగురము ఉన్నాము. ఇద్దరం న్యాయశాస్త్రం, ఒకరు ఉర్దూ సాహిత్యం, ఇద్దరు కామర్స్. ఆ లెక్కను అందరమూ చూశాము. ఎవరికీ తెలియలేదు. కాగితాలు మా బల్ల మీద ఉన్నాయి. ఆమె పరీక్షలు మార్చిలో. చదివి సరిదిద్దగలవారు ఎవరైనా ఫోను చేస్తే చాలు, కాగితాలు మేమే ఇంటికి తెచ్చి ఇస్తాము.